డాన్స్ హాల్లో గీసిన బొమ్మ

విన్సెంట్ వాన్ గో అనగానే పొద్దుతిరుగుడు పూలు, కోసుకున్న చెవి గుర్తుకొస్తాయి. ఆయన గీసిన డాన్స్ బొమ్మల సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1853 మార్చి 30న హాలెండ్‌లోని జుండెర్ట్‌లో పుట్టాడు. తండ్రి పాస్టరు. బొమ్మలమ్మే సంస్థలో ఉద్యోగం పోయింది. బెల్జియం బొగ్గుగనుల దగ్గర మతబోధకుడిగా చేరితే అదీ నిలవలేదు. చిత్రకారుడు కావాలని నిశ్చయించుకునేసరికి 27 ఏళ్లు. అప్పటి నుంచి ఆయన్ని పోషించింది ఎక్కువగా తమ్ముడు తియో. అన్న చదువు కోసం తమ్ముడు కూలికి వెళ్లిన ఇళ్లు మన హాస్టల్ మిత్రులకు కొత్త కాదు.

1885లో తండ్రి చనిపోయాడు. న్యూనెన్ ఊళ్లో వాన్ గో ముందు బొమ్మకు కూర్చోవద్దని అక్కడి కాథలిక్ ఫాదర్ తన జనానికి చెప్పాడు. ఇక మనుషులు దొరకక నవంబరులో బెల్జియం రేవుపట్టణం ఆంట్వెర్ప్ చేరి, రంగుల కొట్టు పైన గది తీసుకున్నాడు.

బొమ్మకు కూర్చున్నవాళ్లకు కూలి ఇవ్వాలి. తియో పంపిన డబ్బులో చాలాభాగం అందుకే పోయేది. నావికులు వచ్చే డాన్స్ హాల్లో మాత్రం ఎంతమందిని చూసినా ఎవరికీ కూలి ఇవ్వక్కర్లేదు! ఆ డిసెంబరులో అక్కడి డాన్సును నల్ల చాక్‌తో, రంగు చాక్‌లతో అరచెయ్యంత కాగితాల మీద గీశాడు. డాన్స్ చేసే ఆడవాళ్లు మనకోసం ఆగరు కదా, అందుకే గీతల్లో ఆ తొందర కనిపిస్తుంది. నాకైతే ఆ తొందరే నచ్చింది.

తిండి సంగతి వింటే బాధేస్తుంది. 1885 మే నుంచి 1886 ఫిబ్రవరి దాకా వేడి భోజనం ఆరేడుసార్లే చేశానని తమ్ముడికి రాశాడు. ఎక్కువగా రొట్టెతోనే గడిపాడు. పళ్లు ఊడిపోయాయి. మెస్‌లో పప్పు నీళ్లగా ఉందని అలిగే మనం ఒక్కసారి ఆలోచించాలి.

జనవరిలో ఆంట్వెర్ప్ అకాడమీలో చేరాడు. అక్కడ ప్లాస్టర్ విగ్రహాలు చూసి నున్నగా గీయాలి. వీనస్ విగ్రహాన్ని వెడల్పు నడుమున్న పల్లెటూరి ఆడమనిషిలా గీస్తే మాస్టారు కోపంతో చించేశాడని తోటి విద్యార్థి ఒకరు తర్వాత చెప్పారు. మార్చి 31న అకాడమీ వాళ్లు ఆయన్ని మొదటి తరగతికి దించారు. అప్పటికే నెల కిందట ఆయన పారిస్‌లో తమ్ముడి గదికి చేరిపోయాడు.

1890 జులై 29న, 37 ఏళ్లకే చనిపోయాడు. ఆరు నెలలకు తియో కూడా పోయాడు. ఆ బొమ్మలనూ ఉత్తరాలనూ దాచి లోకానికి చూపించింది తియో భార్య యొహానా. ఆ డాన్స్ హాలు బొమ్మలు ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో పేరుతో ఉన్న మ్యూజియంలో ఉన్నాయి.