పానగల్లు రాజావారు - దేవాదాయ చట్టము

చెన్నపట్టణమున త్యాగరాయనగరము నడుమనున్న పానగల్ పార్కు చుట్టును నేడు పట్టుచీరల యంగళ్లును బంగారు దుకాణములును క్రిక్కిఱిసి యున్నవి. పెండ్లిసంబరములకై ఆ దారిని పోవు మన కుటుంబములలో ఆ పేరెవరిదని యడుగువారరుదు. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయశెట్టిగారు తెలుగువారు; తోటకు పేరిచ్చిన పానుగంటి రామారాయణింగారును తెలుగువారే. పెద్దచెఱువు భూమిని మెఱకచేసి ఆ పేటను తీర్చినది ఆయన మంత్రిత్వకాలముననే. అయినను ఆయన కట్టించిన వానిలో నేటికిని మనలను విడువక వెంటనంటియున్నది పేట గాదు, ఒక చట్టము. తమిళనాటను, ఆంధ్ర తెలంగాణములందును శాసనసభలు కూడినపుడు దేవాదాయ చట్టమునకు సవరణ యొకటి ప్రతిపాదింపబడుట తఱచు కాన్పించు సంగతి. ఆలయపు రాబడిపై నధికార మెవ్వరిది, ధర్మకర్తను తొలగింప నెవ్వరికి హక్కున్నది అను వివాదము ప్రతి తడవయు క్రొత్తగా పుట్టినట్లు సాగును. అది నూఱేండ్ల క్రిందట ఈ పట్టణముననే, పానగల్లు రాజావారు సభానాయకులై యుండగా, మొదటి నుండి తుదివఱకు రెండు పర్యాయములు నడచిన వివాదము.

ఆయన 1866 జూలై 9వ తేదీన కాళహస్తిలో వెలమ జమీందారీ వంశమున జన్మించిరి. తిరువల్లిక్కేణిలో ఉన్నత పాఠశాలా విద్య ముగించి, ప్రెసిడెన్సీ కళాశాలయందు సంస్కృతము ప్రధానముగా 1893లో పట్టభద్రులైరి, పిదప ఎం.ఏ. పట్టమును బడసిరి. ఆ కాలమున జమీందారు బిడ్డలు చదువునకై ఇంత కాలము వెచ్చించుట సామాన్యము గాదు. 1912లో భూస్వాముల ప్రతినిధిగా ఢిల్లీ శాసనసభకు ఎన్నికై మూడేండ్లుండిరి. త్యాగరాయశెట్టిగారును డాక్టరు నాయరుగారును 1916లో నెలకొల్పిన ఉద్యమమున చేరి, 1920 డిశంబరున చెన్నరాజధానిలో తొలి మంత్రివర్గ మేర్పడినపుడు స్థానిక స్వపరిపాలన శాఖను గైకొనిరి. ప్రథమ మంత్రియగు సుబ్బరాయలు రెడ్డియారుగారు అస్వస్థులై తొలగగా, 1921 జూలై 11వ తేదీన ఆ పదవి రాజావారికి సంక్రమించెను. అది మొదలు 1926 డిశంబరు వఱకు, అయిదేండ్లకు పైగా, ఆయనయే ప్రథమ మంత్రి. ఉద్యోగములలో వివిధ వర్ణములకు పాలు నిర్ణయించు 1921 నాటి ఉత్తరువు వలన ఆయన పేరు కొందఱకు ప్రియమును కొందఱకు కంటకమును అయినది. ఆ కథ అందఱెఱిగినదే గావున ఇచట విడిచెదము.

దేవాదాయ చట్టమును గ్రహింపవలె నన్నచో దానికి వెనుకటి స్థితి తెలియవలెను. కంపెనీవారు 1817లో ఏడవ రెగ్యులేషను మూలమున దేవాలయముల ఆస్తులపై సాధారణ పర్యవేక్షణమును రివిన్యూ బోర్డు వశము గావించిరి. దొరతనమువారే మాన్యముల లెక్కలు చూచిరి, ధర్మకర్తల నియమించిరి, ఉత్సవములు నడిపించిరి. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనకు పోషకులై యుండుట యేమని సీమలో మిషనరీలు కోలాహలము సేయగా, 1840 ప్రాంతమున పైనుండి ఆజ్ఞలు వచ్చెను. దొరలు చేతులు కడుగుకొనిరి. తిరుమల దేవస్థానము 1843లో హాథీరాంజీ మఠపు మహంతుల కప్పగింపబడినది ఈ సందర్భముననే. మిగిలిన గుళ్లు ఎవరి చేత చిక్కినవి వారివయ్యెను. ఇరువదేండ్లకు, 1863లో, ఇరువదవ ఆక్టు వచ్చెను. దొరతనమువారు పూర్వము ధర్మకర్తలను నియమించుచుండిన ఆలయములకు కమిటీల నేర్పఱచిరి. ఆ కమిటీ సభ్యులు యావజ్జీవము సభ్యులే. తక్కిన యాలయములకు కమిటీ యైనను లేదు. ధర్మకర్త తప్పుచేసినచో భక్తులు కోర్టు అనుమతి బొంది దావా వేసికొనవలెను.

ఈ దావా యను మాట వినుటకు సులభము. దేవుడు చట్టదృష్టిలో ఆస్తికి సొంతదారుడు. కాని నిత్యము మైనరు. ఆ మైనరు తరఫున కర్త యగువాడు దేవుని నంజభూములను తన బావమఱదికి అగ్గువ కవులున కిచ్చినను, నగలపట్టిక చూపకున్నను, ఊరిలో నొక రైతు తన సొంత డబ్బు వెచ్చించి జిల్లాకోర్టునకు నడువవలెను. ప్రతివాది ఖర్చు దేవుని హుండీలో నుండియే వెళ్లును. మొదటి కోర్టు, అప్పీలు, హైకోర్టు ముగియునప్పటికి వాది ముసలివాడగును. ఈ పద్ధతి మా వృత్తివారికి కామధేనువై యుండెనని ఒప్పుకొనుటకు సంకోచింపను. రెండు తరముల పాటు పెద్దమనుష్యులు చట్టము మార్పవలెనని కోరుచునే యుండిరి. విక్టోరియా రాణి 1858లో ఇచ్చిన మతతటస్థతా వాగ్దానమును చూపి దొరతనమువారు తప్పించుకొనుచునే యుండిరి.

1919 సంస్కరణలలో మతధర్మాదాయములు మంత్రుల కప్పగింపబడిన శాఖలలో చేరెను. పోలీసు, భూమిశిస్తు, ఖజానా మాత్రము గవర్నరు కార్యాలోచన సభ్యుల చేతనే యుండెను. మంత్రికి కత్తి లేదు, సంచి లేదు. కాని దేవాలయపు తాళపుచెవి దొరకెను. తెల్లవాడు ముట్టనొల్లని దానిని హిందువగు మంత్రి ముట్టవచ్చునని రాజావారు వెంటనే గ్రహించిరి. 1922 డిశంబరున హిందూ మతధర్మాదాయముల బిల్లు సభాముఖమునకు వచ్చెను. సారాంశ మిది: రాజధాని కంతటికి హిందువులే సభ్యులుగా నొక బోర్డు, దాని క్రింద ప్రాంతములకు కమిటీలు, ప్రతి ధర్మకర్తయు ఆదాయవ్యయపట్టిక యొప్పగింపవలెను, లెక్కల తనిఖీ యుండును, అక్రమమున్నచో బోర్డే విచారించి దిద్దుబాటు చేయవచ్చును, పేదభక్తుడు కోర్టున కెక్కనక్కఱలేదు. ఖర్చులకై ఆలయముల ఆదాయములో స్వల్పభాగము వసూలగును; నూటికి రూపాయిన్నర మించకుండ పిదప నిర్ణయమైనది. ఖజానా తన చేతిలో లేని మంత్రి క్రొత్త యేర్పాటునకు దానిచేతనే కూలి ఇప్పించుట తప్ప వేఱుదారి లేదనుకొందును.

ప్రతిఘటనము సామాన్యమైనది గాదు. మఠాధిపతులు, పారంపర్య ధర్మకర్తలు, మైలాపూరు న్యాయవాదులు, వేర్వేఱు కారణములచే ఒక్కటైరి. బ్రాహ్మణేతర పక్షమువారు బ్రాహ్మణుల చేతినుండి గుళ్లను లాగికొనుచున్నారని కొందఱనిరి. ఆ మాటలో కొంత కక్ష యున్నది. పారంపర్య ధర్మకర్తలలో జమీందారులును శెట్లును మొదలియారులును ఎందఱో యుండిరి, వారి పట్టును గూడ ఈ బిల్లు సడలించునదే. తానును జమీందారు గనుక, రాజావారు సొంత వర్గమువారి కినుకను గూడ భరించిరి. కాని ప్రతిపక్షుల వాదములన్నియు కక్షలు గావు. సభలో క్రైస్తవులు, మహమ్మదీయులు, ఐరోపా వర్తకులు కలరు. హిందువుల గుడి మీద వారెట్లు ఓటు వేయుదురని యడిగిరి. మఠాధిపతి ధర్మకర్త కాడు, గురువు. ఆతని ఇంటి లెక్క బోర్డు చూచునా యనిరి. మెజారిటీపై నాధారపడిన మంత్రి బోర్డును నియమించినచో ధర్మకర్తృత్వములు పార్టీ బహుమానములు గావా యని హెచ్చరించిరి. ఈ మూడవ ప్రశ్నకు సరియైన జవాబు ఆనాడు లభించినదని చెప్పజాలను, నేటికిని లభింపలేదు.

సెలెక్టు కమిటీ పరిశీలనము, సవరణలు వందలకొలది, క్లాజు వెంబడి క్లాజుపై తగవులు. ఇట్టి పనిలోనే ఆయన నేర్పు కాన్పించును. వేదికల మీద గర్జించు స్వభావము ఆయనది గాదు. ఓర్పును, ఎదిరిపక్షపు మాట నాలకించి కొంత గ్రహించి కొంత విడుచు చతురతయు ఆయన బలము. మహోపన్యాసములతో చట్టములు రావని, మూడవజాము వఱకు కామాల మీద కూర్చుండువాడే చట్టము చేయునని మా వృత్తిలో నున్నవారికి తెలియును.

ఈ నడుమ 1923లో ఎన్నికలు వచ్చెను. జస్టిస్ పక్షపు బలము తగ్గెను. నవంబరు 27వ తేదీన క్రొత్త సభలో ఆయన మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము వచ్చెను. ప్రతిపాదించినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఇరువురును చిత్తూరుసీమవారే, ఇరువురును విద్వాంసులే, మొన్నటిదాక ఒక్క పక్షమువారే. 44 ఓట్లు అనుకూలము, 65 ప్రతికూలము; మంత్రివర్గము నిలిచెను. తమాషా యేమనగా, అదే మంత్రివర్గమున విద్యామంత్రి పాత్రోగారు నడిపిన చట్టముచే 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మవతరింపగా, దానికి తొలి ఉపాధ్యక్షులైనవారు రామలింగారెడ్డిగారే.

దేవాదాయ బిల్లునకు గవర్నరు, పిదప గవర్నరు జనరలు ఆమోదము లభించి పుస్తకమున కెక్కినప్పటికి 1925 వచ్చెను. పేరులో 1923, సంఖ్యలో 1925వ సంవత్సరపు ఒకటవ చట్టము. ఆ పేరుకును ఆ సంఖ్యకును నడుమనున్న యెడమే దానికి చిక్కు దెచ్చెను. ఒక సభ కాలమున పుట్టి మఱియొక సభ కాలమున ముగిసిన యీ చట్టము సక్రమముగా శాసింపబడలేదని న్యాయస్థానములందు ఆక్షేపణ బయలుదేఱెను. హైకోర్టు న్యాయాధిపతిత్వము చేసి విశ్రమించిన సర్ సదాశివయ్యరుగారు అధ్యక్షులుగా బోర్డు పని యారంభించియే యుండెను. నోటీసులు వెళ్లినవి, లెక్కలు అడుగబడినవి. బోర్డుకు మూలాధారమే లేదన్నచో ఆ పని యంతయు ఇసుకపై గోడ.

ఇట్టి యెడ మంత్రు లనేకులు న్యాయస్థానముల తీర్పునకై కనిపెట్టుకొని యుందురు. గెలిచిన మేలు, ఓడిన తప్పు న్యాయాధిపతులది. రాజావారు అట్లు చేయలేదు. మూడేండ్లు కష్టించి సాధించిన చట్టమును తామే రద్దుచేయింపబూని, అదే విషయమును 1926లో మరల సభ ముందు పెట్టిరి. మరల మఠాధిపతుల విన్నపములు, మరల సవరణలు; స్వరాజ్య పక్షపు సత్యమూర్తిగారివంటి వాగ్ధాటి గలవారు ఈసారి ఎదుటి బల్లలమీద నుండిరి. ఎన్నికలు కొలది మాసములలో నున్నవి. గుడి జోలికి పోయిన మంత్రికి ఓట్లు రాలవని తెలియని యమాయకుడు గాడాయన. అయినను మరల నడిపించిరి. ఆ శీతకాలపు ఎన్నికలలో స్వరాజ్య పక్షము అన్నిటికంటె పెద్దపక్షముగా వచ్చెను. డిశంబరులో సుబ్బరాయనుగారి మంత్రివర్గ మేర్పడెను. రెండవ చట్టము 1927వ సంవత్సరపు రెండవ చట్టముగా ముద్రింపబడినప్పటికి దానిని తెచ్చిన మంత్రి ప్రతిపక్షమున కూర్చుండి యుండెను. పదవిపోయినను చట్టము నిలిచెను. మొదటి శాసనము కంటె ఈ రెండవది ఆయనకు ఎక్కువ కీర్తికరమని నా యభిప్రాయము.

లోపము లేదనుట గాదు. బోర్డునకు ప్రభుత్వము మీద నుండవలసిన స్వాతంత్ర్యమునకు గట్టి కంచె వేయలేదు. దేవుని లెక్కలు చూచుటకు, దేవుని యింట ఏలుబడి సేయుటకు నడుమ గీత యెచటనో చట్టము స్పష్టముగా చెప్పలేదు. స్వరాజ్యము వచ్చిన తరువాత 1951లో బోర్డు పోయి ప్రభుత్వశాఖయే వచ్చినపుడు ఆ గీత మఱింత చెరిగెను. 1954లో సుప్రీముకోర్టు శిరూరు మఠపు వ్యాజ్యములో ఆ 1951 చట్టపు కొన్ని సెక్షనులను కొట్టివేసి, ఆలయములపై విధించిన వంతు ఫీజు గాదు, పన్నే యని తేల్చెను. తమిళనాటి 1959 చట్టము, ఆంధ్రదేశపు 1966, 1987 చట్టములు ఆ తీర్పు తరువాత వ్రాయబడినవి. అయినను వాని యెముకల గూడు 1927 నాటిదే.

రాజావారు 1925లో త్యాగరాయశెట్టిగారు గతించిన నాటినుండి తమ పక్షమునకు నాయకులై, 1928 డిశంబరు 16వ తేదీన ఈ పట్టణముననే కాలధర్మము నొందిరి. ఆయన చూడకపోయిన దొకటి కలదు. ఆయన చట్టమునకు లోబడిన ఆలయములలో తిరుమలకు మాత్రము ప్రత్యేక శాసనము కావలెనని తేలి, శాసనసభ దానిని 1932లో చేసెను. 1843లో కంపెనీవారు మహంతుల చేతికిచ్చిన దేవస్థానము తొంబదేండ్లకు, 1933లో, కమిటీ చేతికి వచ్చెను.