కలియుగ భీముడు కోడి రామమూర్తి

కోడి రామమూర్తి నాయుడు పేరు వినగానే రొమ్ముపై ఏనుగును నిలిపిన వీరుడే స్ఫురిస్తాడు. అంతకు ముందు ఆయన బడిపిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మంగళగి వంటి మన సరిహద్దు పల్లెలలోని తల్లిదండ్రులకు ఏనుగు కథ కంటె ఈ కథే ఎక్కువ అవసరం.

1880ల ఆరంభంలో వీరఘట్టంలో జన్మించారు. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. చిన్ననాడే తల్లి మరణించింది. తండ్రి వెంకన్న ఆయనను విజయనగరంలోని తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపించాడు. చదువుపై మనసు నిలువని ఆ బాలుణ్ణి కసరత్తు ఆకర్షించింది. తరువాత మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరానికి తిరిగివచ్చి పాఠశాలలో వ్యాయామ శిక్షకులయ్యారు.

ఆపైన సర్కసు స్థాపించి దేశదేశాలు తిరిగారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. రెండు కార్లను కదలనీయకుండా పట్టి నిలిపేవారు. ఇంతటి బలశాలి శాకాహారి. బలానికి మాంసమే మూలమని వాదించేవారు ఈ మాట గమనించదగును.

పిల్లలు గొలుసులు తెంచనక్కరలేదు. తిన్నది ఆటలో ఖర్చు కాకుంటే కొవ్వుగా పేరుకుంటుంది. చిన్ననాటి స్థూలకాయం పెద్దయ్యాక మధుమేహానికి, రక్తపోటుకు దారితీయవచ్చును. 5 నుండి 17 ఏండ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. పరుగుకు, కబడ్డీకి, తాడాటకు పైసా ఖర్చు లేదు. బీదరు ప్రాంతపు జాతరలలో కుస్తీలు చూసిన తాతలకు తాలీం విలువ తెలుసు. సెల్‌ఫోను చేతబట్టి చిరుతిండి పొట్లంతో కూర్చున్న మనుమడికే తెలియదు. లావెక్కిన పసివాణ్ణి చూసి పుష్టిగా ఉన్నాడని మురిసిపోవడం మన ఇండ్లలో ఇంకా పోలేదు.

రామమూర్తి కడపటి రోజులు విషాదకరమైనవి. కాలికి తగిలిన గాయం ముదిరి, కాలునే తొలగించవలసి వచ్చింది. సంపాదన కరిగిపోయింది. 1942 జనవరిలో ఒరిస్సాలోని బలంగీరులో కన్నుమూశారు. విశాఖపట్నం సముద్రతీరాన ఆయన విగ్రహం ఉన్నది. శ్రీకాకుళంలో ఆయన పేరిట ఒక క్రీడామైదానం ఉన్నది.