ఎనక్కి తిరగలేకపోయిన డొనాల్డ్

సీలేరులో కూకొని సముద్రం కబుర్లు ఏటని నవ్వకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మనకి నీళ్లంటే జలాశయం, పవర్ హౌస్, నాటు పడవ. సముద్రం చూడాలంటే ఘాట్ రోడ్డు దిగి విశాఖ దాకా పోవాలి. అయినా 2022 సెప్టెంబరు నుంచి 2023 ఏప్రిల్ దాకా నేను సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోన్లో ఒక పడవ ఎక్కడుందో చూసీవోణ్ణి. అందులో ఒకే ఒక్కడు. మన నేవీలో పనిచేసిన అభిలాష్ టామీ.

ఆ పందెం పేరు గోల్డెన్ గ్లోబ్. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ లేకుండా తెరచాప పడవలో భూమి చుట్టూ తిరిగి రావాలి. పైగా కొత్త పడవలు పనికిరావు. 1988కి ముందు గీసిన నమూనా పడవలే ఉండాలి, దారి చూసుకోడానికి జీపీఎస్ ఉండకూడదు. అంటే పాత పడవని రోజూ చూసుకోవాలి, కుట్టుకోవాలి, బిగించుకోవాలి. ఎవరు బేగి పోతారన్న దానికంటే ఎవరి పడవ చివరికంటా నిలుస్తాదన్నదే అక్కడ లెక్క.

ఈ పందెం మొదటిసారి జరిగింది 1968లో. తొమ్మిది మంది బయల్దేరితే ఒక్కడే పూర్తి చేశాడు. ఆ గెలిచినోడి గురించి చానామంది రాశారు. నేను చెప్పబోయేది తిరిగి రాని ఒకడి గురించి. అతని పేరు డొనాల్డ్ క్రౌహర్స్ట్. ఇప్పుడు అతని కథ మనకెందుకో కడదాకా చదివితే మీకే తెలుస్తాది.

డొనాల్డ్ పుట్టింది మన దేశంలోనే. 1932లో, ఢిల్లీ పక్కనున్న ఘజియాబాద్‌లో. తండ్రి రైల్వే ఉద్యోగి, తల్లి బడి టీచరు. తెల్లోళ్ల రాజ్యం కాబట్టి బతుకు బాగానే సాగింది. 1947లో ఇంగ్లండ్ పోవాల్సి వచ్చింది. తండ్రి దాచుకున్న డబ్బంతా ఇక్కడ ఆట సామాన్ల ఫ్యాక్టరీలో పెట్టాడు. దేశ విభజన అల్లర్లలో అది కాలిపోయింది. మరుసటి ఏడాది తండ్రి చనిపోయాడు. చదువులో చురుకైన కుర్రాడు డబ్బుల్లేక బడి మానీసి ఫార్న్‌బరోలోని విమానాల సంస్థలో పని నేర్చుకోడానికి చేరాడు. మన ఇళ్లల్లో తండ్రి పోతే పెద్ద కొడుకు పుస్తకాలు మూసీడం ఎలగుంటాదో మీకు తెలుసు. కష్టానికి రంగు లేదు.

తర్వాత వైమానిక దళంలో అధికారి అయ్యాడు, అక్కడ నిలవలేదు. సైన్యంలో చేరాడు, అక్కడా నిలవలేదు. తెలివి ఎక్కువ, దూకుడు కూడా ఎక్కువ. క్లేర్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. నలుగురు పిల్లలు. బ్రిడ్జ్‌వాటర్ అనే ఊర్లో సొంతంగా ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టాడు. పడవలోళ్లకి రేడియో సంకేతాలతో దిక్కు చూపించే నావికేటర్ అనే చేతి పరికరం తయారు చేశాడు. పరికరం మంచిదే, అమ్మకాలే లేవు. అప్పులు పెరిగాయి. అతనికి సముద్రమంటే ఆదివారం సరదా. మహాసముద్రంలో ఒంటరిగా నెలల తరబడి తిరిగినోడు కాదు.

1967లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే పెద్దాయన ఒంటరిగా, సిడ్నీలో ఒక్కసారి ఆగి, భూమి చుట్టి వచ్చాడు. ఇంగ్లండ్ అంతా ఊగిపోయింది. ఇక మిగిలింది ఆగకుండా తిరగడమే. లండన్‌లోని సండే టైమ్స్ పేపరోళ్లు 1968 మార్చిలో పందెం ప్రకటించీసారు. మొదట వచ్చినోడికి బంగారు గ్లోబు, తక్కువ రోజుల్లో తిరిగొచ్చినోడికి 5000 పౌన్లు. జూన్ 1కి, అక్టోబర్ 31కి మధ్య ఎప్పుడైనా బయల్దేరొచ్చు. నీకు పడవ నడపడం వచ్చా అని అడిగే పరీక్ష ఏదీ లేదు. పేపరుకి కథ కావాలి, మనిషి ఎవరైతే ఏటి?

డొనాల్డ్‌కి ఇది కంపెనీని బతికించే దారిలా కనబడింది. గెలిస్తే పేరు, పేరొస్తే అమ్మకాలు. పడవకి డబ్బు స్టాన్లీ బెస్ట్ అనే వ్యాపారి ఇచ్చాడు. అతను అప్పటికే డొనాల్డ్ కంపెనీలో డబ్బు పెట్టి ఉన్నాడు. ఒప్పందంలో ఒక ముడి ఉంది. పందెం మధ్యలో మానేస్తే ఆ పడవని డొనాల్డ్ కంపెనీయే కొనుక్కోవాలి. కంపెనీ దగ్గర డబ్బేది? ఇల్లు కూడా తాకట్టులోకి పోనాది. అంటే బయల్దేరక ముందే ఎనక్కి వచ్చే దారి మూసుకుపోయింది. ఈ ముడిని గుర్తు పెట్టుకోండి. కథంతా దీని మీదే ఉంది.

పడవ పేరు టిన్‌మత్ ఎలక్ట్రాన్. 40 అడుగులది. మూడు పడవలు పక్కపక్కన కలిపి కట్టినట్టు ఉంటాది, ట్రైమరాన్ అంటారు. జోరుగా పోతాది గానీ బోర్లా పడితే మళ్లీ లేవదు. డొనాల్డ్ అంతకుముందు అలాంటిది నడిపినోడు కాదు. పడవ తిరగబడితే దానంతటదే గాలి నింపుకొని లేపే సంచిని తెరచాప స్తంభం కొన మీద పెట్టాడు. దాన్ని నడిపే కంప్యూటర్ చేస్తానన్నాడు. వైర్లు లాగారు గానీ ఆ వైర్ల చివర ఏదీ లేదు. టైం చాలలేదు. చేతిపంపుకి కావలసిన గొట్టం ఒడ్డునే ఉండిపోయింది.

బయల్దేరే ముందు రాత్రి అతను భార్య పక్కన పడుకొని ఏడ్చాడు. పడవ బాగోలేదని చెప్పాడు. వద్దని తనచేత అనిపించుకోడానికే చెప్తున్నాడని ఆవిడకి చానా కాలం తర్వాత అర్థమయింది. 1968 అక్టోబర్ 31న, గడువు ఆఖరి రోజున, టిన్‌మత్ ఊరి ఒడ్డు నుంచి పడవ కదిలింది.

కొద్ది రోజులకే నీళ్లు కారడం మొదలైంది. మరలు ఊడిపోతన్నాయి. అనుకున్న జోరులో సగం కూడా లేదు. నవంబరులో డొనాల్డ్ కూకొని నిజాయితీగా లెక్క రాసుకున్నాడు. ఈ పడవతో దక్షిణ సముద్రంలోకి పోతే బతికే అవకాశం సగానికి సగమే. ఎనక్కి పోతే దివాలా, ఇల్లు పోవడం, నవ్వుబాటు. రెండు దారులూ చూసి మూడో దారి పట్టాడు. అదే అబద్ధం.

డిసెంబరు నుంచి రెండు రకాల లెక్క నడిచింది. నిజంగా ఎక్కడున్నాడో ఒకటి, ఎక్కడున్నట్టు చెప్పాలో ఇంకోటి. ఒక్క రోజులో 243 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 450 కిలోమీటర్లు, వచ్చానని టెలిగ్రాం కొట్టాడు. పేపర్లు రికార్డని అచ్చేసాయి. అతని ప్రచారం చూసిన రాడ్నీ హాల్‌వర్త్ అనే పాత్రికేయుడు అస్పష్టంగా వచ్చిన కబురుకి కూడా రంగేసి ఇంకా ముందున్నట్టు చెప్పీవోడు. జనవరిలో డొనాల్డ్ రేడియో కట్టీసాడు. లోకమంతా అతను ఆస్ట్రేలియా వైపు పోతన్నాడనుకుంటే, అతను దక్షిణ అట్లాంటిక్‌లోనే తిరుగుతున్నాడు. మార్చిలో అర్జెంటీనా ఒడ్డున రియో సలాడో అనే చోట ఆగి పడవకి అతుకులేసుకున్నాడు. ఒడ్డు తాకితే పందెం నుంచి ఔట్. ఆ సంగతి పేపర్లకి తెలియలేదు.

అదే నెలల్లో ఇంకో పడవ ఎలా నడిచిందో చెప్పాలి. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ పడవ పేరు సుహైలి. అది 32 అడుగులది. మన బొంబాయిలో, మన వడ్రంగులు టేకు చెక్కతో చేసింది. నెమ్మది పడవ. అదీ కారింది. రాబిన్ ఏం చేశాడు? అట్లాంటిక్ మధ్యలో నీళ్లలోకి దిగి, మునిగి, చెక్కల సందులు కూరి, కాన్వాసు గుడ్డ, రాగి రేకు కొట్టి మూసీసాడు. మధ్యలో సొరచేప వస్తే దాన్ని కాల్చి మళ్లీ దిగాడు. రేడియో పోనాది, తనంతట తాను దారి పట్టే యంత్రం విరిగింది. విరిగిందని ఒప్పుకొని ఉన్నదాంతో నెట్టుకొచ్చాడు. జలాశయంలో పడవ వేసేవోళ్లకి ఇది కొత్త కాదు. సందు కనబడితే కూరాలి. దాని మీద రంగేస్తే నీళ్లు ఆగవు.

మిగతావోళ్లు? జాన్ రిడ్జ్‌వే బ్రెజిల్‌లో మానేశాడు. ఇటలీ నావికుడు కరోజోకి కడుపులో పుండై రక్తం కక్కుకుంటే పోర్చుగల్‌లో దిగిపోయాడు. చే బ్లైత్ దక్షిణాఫ్రికా దగ్గర ఆపీసాడు. వాళ్లని ఎవరూ ఉరి తీయలేదు. అదే బ్లైత్ 1971లో గాలికి ఎదురుగా, పడమటి దిక్కుగా, ఒంటరిగా ఆగకుండా భూమి చుట్టి వచ్చాడు. ఎనక్కి వచ్చాడు కాబట్టే మళ్లీ పోగలిగాడు. ఫ్రాన్సు నావికుడు మొయిటెస్సియే అయితే గెలిచే చోట ఉండి, ఈ బహుమతులే వద్దని తాహితీ దీవికి పోయాడు.

ఏప్రిల్లో డొనాల్డ్ మళ్లీ రేడియోలోకి వచ్చాడు, భూమి చుట్టేసి ఇంటి దారి పట్టినట్టు. 1969 ఏప్రిల్ 22న సుహైలి 300 రోజులు దాటిన ప్రయాణం ముగించి ఫాల్మత్ చేరింది. గ్లోబు దానిదే. ఇక 5000 పౌన్లకి మిగిలింది ఇద్దరే, నైజెల్ టెట్లీ, డొనాల్డ్. డొనాల్డ్ ఆలోచన ఏటంటే, టెట్లీ ముందు వెళ్లిపోతే చాలు. ఎనక వచ్చినోడి లాగ్ బుక్కు ఎవరూ వెతకరు. గానీ డొనాల్డ్ తరుముకొస్తన్నాడని నమ్మిన టెట్లీ తన దెబ్బతిన్న పడవని ఇంకా తోలాడు. మే 21న అది ముక్కలై మునిగిపోయింది. టెట్లీని కాపాడారు గానీ పందెం పోయింది. ఒకడి అబద్ధం ఇంకొకడి పడవని ముంచింది.

ఇప్పుడు డొనాల్డ్ గెలవక తప్పదు. గెలిస్తే లెక్కలు తీస్తారు. ఒడ్డున సన్మానం ఏర్పాట్లు, టీవీ వాళ్లు. సముద్రంలో ఒక్కడు. నెలల ఒంటరితనం, దాచిన బరువు కలిసి అతని మనసు చెదిరిపోయింది. ఆఖరి రోజుల్లో దేవుడు, కాలం, మనిషి అంటూ వేల మాటలు రాశాడు. ఆఖరి రాత జూలై 1న. జూలై 10న పికార్డీ అనే టపా ఓడ వాళ్లకి ఖాళీ పడవ దొరికింది. మనిషి లేడు. పుస్తకాలు మాత్రం ఉన్నాయి. నిజం రాసింది కూడా దాచకుండా వదిలీసాడు. శవం దొరకలేదు. అతను సముద్రంలోకి వెళ్లిపోయాడనే అందరూ అనుకున్నారు. రెండు బహుమతులూ నాక్స్ జాన్‌స్టన్‌వే అయ్యాయి. అతను ఆ 5000 పౌన్లూ డొనాల్డ్ భార్యాపిల్లలకి ఇచ్చీసాడు.

డొనాల్డ్‌ని మోసగాడని తిట్టీడం సులువు. తప్పు చేశాడు, కాదనను. గానీ తప్పంతా అతనిదేనా? ఈత అడక్కుండా పందెం పెట్టింది ఒకరు. ఇల్లు తాకట్టు పెట్టించి ఎనక దారి మూసీసింది ఒక ఒప్పందం. రంగులేసింది ఇంకొకరు. మునిగింది మాత్రం ఒక్కడే. మన కొండల్లో చూడండి. గంజాయి మూట మోసిన గుంటడు జైల్లో ఉంటాడు. మూట కట్టించినోడు ఊర్లో తిరుగుతాడు. అప్పు యాప్ వోడు ఫోన్లో ఉన్న నంబర్లన్నింటికీ మెసేజ్ కొడతాడు. పరువు పోయేది అప్పు తీసుకున్నోడికి.

సిటీకి కోచింగ్‌కో పనికో వెళ్లి, పని లేక, ఫీజు కట్టలేక, ఇంటికి మాత్రం అంతా బాగుందని చెప్తూ, ఎవడి బండి మీదో కూకొని ఫొటో పెట్టీవోళ్లు మనలో లేరా? అదే రెండో పుస్తకం. మొదటి రోజు చిన్నదే. రోజూ దాన్ని నిలబెట్టడానికి ఇంకో పేజీ రాయాలి. చివరికి ఇంటికి రావడమే భయమైపోతాది.

అభిలాష్ టామీ సంగతి చెప్పి ముగిస్తాను. 2018లో ఇదే పందెంలో హిందూ మహాసముద్రం తుపానుకి అతని పడవ స్తంభాలు విరిగాయి, నడుము దెబ్బతిని కదల్లేకపోయాడు. ఆ పడవ సుహైలి నమూనాలో గోవాలో చేసింది. అతను దాచలేదు. కదల్లేనని కబురు పంపాడు. ఫ్రాన్సు ఓడ వచ్చి ఎత్తుకుపోయింది. నాలుగేళ్లకి మళ్లీ అదే పందెంలో దిగి, 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ఒడ్డు చేరాడు. ఆ రోజు నేను ఫోన్లో చూసింది అదే.

కాబట్టి తమ్ముడూ, చెల్లెమ్మా, పడవ కారుతుంటే కారుతుందని చెప్పు. అమ్మకి చెప్పు, స్నేహితుడికి చెప్పు, ఎవరూ లేరనిపిస్తే 14416 టెలి మానస్‌కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పు. పైసా ఖర్చుండదు. ఊరోళ్లకి కూడా ఒక మాట. ఓడిపోయి వచ్చిన పిల్లాడు బస్సు దిగగానే ఏం సాధించావని అడక్కండి. ముందు కూకోబెట్టి అన్నం పెట్టండి. డొనాల్డ్‌కి ఆ ఒడ్డు ఒక్కటి కనబడుంటే అతను ఎనక్కి తిరిగుండేవోడు.