శిష్యుని నోటిమాట
కోనసీమ ఉపాధ్యాయులకు గిడుగు రామమూర్తి పంతులుగారి చరిత్రమును మేము జ్ఞాపకము చేయుచున్నాము. 1863లో జన్మించి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన పంతులుగారు సమీపపు కొండలలోని సవర బిడ్డలకు విద్య గఱపదలచిరి. ఆ భాషకు నాడు లిపియు లేదు, గ్రంథమును లేదు. సవర నొకని యింట నుంచుకొని, తామే శిష్యులై దానిని నేర్చిరి; పిదప వాచకములు వ్రాసి, స్వంత ద్రవ్యముతో బడులు పెట్టిరి. మన్యపు జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను వారి వినికిడిని హరించెను. చెవి పోయినను పిల్లవాని నోటిమాటపై మక్కువ పోలేదు; తెలుగు బడులలో వాడుకభాష కొఱకు 1940లో కన్నుమూయువఱకు పోరాడిరి. గ్రాంథికమున వ్రాయు మాకును ఇది హెచ్చరికయే. అమలాపురమున గాని, రాజోలున గాని, కొత్తపేటలో గాని బాలుడు పాఠము గ్రహింపనిచో, బెత్తము వెదకుటకు ముందు వాని మాట మనకెంత తెలియునో విచారింపవలదా?