నీళ్లు చిలికిన జౌల్ గారు

చేద చేయిజారి బావిలో పడినప్పుడు, అంత వేగముగా దిగినది నీటిని తాకగానే ఆగిపోవును. ఆ వేగము ఏమాయెను? నశించెనా? ఇది పిల్లల ప్రశ్నవలె కనబడును గాని, 1840 ప్రాంతమున పండితులలో అనేకులు దీనికి సరియైన జవాబు ఎరుగరు. ఆ జవాబును కొలిచి చూపిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ గారిని గూర్చి ఈ నెల తలంచుకొందము.

ఆయన 1818 డిసెంబరు 24వ తేదీన ఇంగ్లండు దేశమున, మాంచెస్టరు ప్రక్కనున్న సాల్ఫర్డులో పుట్టెను. తండ్రి బీరు తయారుచేయు కర్మాగారము గల ధనికుడు. ఆ వృత్తి మనలో అనేకులకు నచ్చదు. అయినను కుమారుని ప్రయోగములకు కావలసిన డబ్బు దానివలననే దొరకెను. బాల్యములో వెన్నెముక బలహీనముగా నుండుటచేత బాలుడు ఇంటనే చదువుకొనెను. మిక్కిలి బిడియస్థుడు. కొంతకాలము జాన్ డాల్టన్ గారియొద్ద లెక్కలు నేర్చెను గాని, విశ్వవిద్యాలయములో ఎన్నడును చదువలేదు.

వేడిమి యనునది కంటికి కనబడని ఒక ద్రవమనియు, అది క్రొత్తగా పుట్టదనియు ఆ దినములలో పలువురు నమ్మిరి. జౌల్ గారు నమ్మలేదు. సృష్టికర్త లోకమందుంచిన శక్తిని నశింపజేయు అధికారము ఆ సృష్టికర్తకే గలదని ఆయన విశ్వసించెను. కాబట్టి ఆగిపోయిన కదలిక మరియొక రూపమున ఉండవలెను. ఆ రూపము వేడిమియే. 1843లో ఐర్లండులోని కార్కు పట్టణపు శాస్త్రజ్ఞుల సభలో ఈ సంగతి చెప్పగా ఎవరును పలుకలేదు. మరుసటి ఏట రాయల్ సొసైటీ ఆయన వ్యాసమొకటి అచ్చువేయ నిరాకరించెను. 1847 ఏప్రిలులో మాంచెస్టరు సెయింట్ ఆన్ దేవాలయపు పఠన మందిరములో సామాన్య జనులకు తన తలంపంతయు విప్పి చెప్పెను. జూనులో ఆక్స్‌ఫర్డు సభాధ్యక్షుడు క్లుప్తముగా ముగించుమని కోరెను. అక్కడ విలియం థామ్సన్ అను యువకుడు మాత్రము ఆసక్తితో ఆలకించెను. తరువాత కెల్విన్ ప్రభువైనది ఈయనే.

మజ్జిగ చిలికిన మన తల్లులకు జౌల్ గారి ప్రయోగము సులభముగా బోధపడును. రాగి పాత్రలో నీళ్లుపోసి ఇత్తడి తెడ్లు గల కవ్వము నిలిపెను. నీళ్లు ఊరక సుడి తిరుగకుండ లోపల అడ్డుపలకలు అమర్చెను. ఇరుప్రక్కల గిలకలనుండి వ్రేలాడు సీసపు బరువులు, ఒక్కొక్కటి సుమారు 29 పౌనులు, క్రిందికి దిగుచుండగా త్రాడు కవ్వమును త్రిప్పును. బరువులు అయిదడుగులకు పైగా దిగును. మరల పైకెత్తి, ఆలాగున 20 మారులు దింపవలెను. ఇంత చిలికినను నీళ్లు వేడెక్కునది ఫారెన్‌హీట్ అరడిగ్రీకి కొంచెము మించి మాత్రమే! డిగ్రీలో రెండువందలవ పాలును పోల్చగల ధర్మామీటరు ఆయనకుండెను. తన ఒంటి వేడి తగులకుండ కొయ్య తెర అడ్డముంచుకొనెను. గిలకల రాపిడిలో పోయిన శక్తిని లెక్కనుండి తీసివేసెను. నీళ్లతోనే ఈ ప్రయోగము 40 మారులు చేసెను. పాదరసముతోను ఇనుముతోను వేరుగా చేసెను. ఇంతటి ఓర్పు గలవారు అరుదని మా తలంపు.

తేలినదేమనగా, 772 పౌనుల బరువు ఒక అడుగు దిగినచో, ఆ పని ఒక పౌను నీటిని ఒక డిగ్రీ వేడిచేయును. నేటి లెక్క సుమారు 778. నూటికి ఒకపాలు తేడాయు లేదు. బావిలో పడిన చేద వేగమును ఈలాగే ఆ నీళ్లలో రవ్వంత వేడిమిగా మారినది. 1849లో మైకేల్ ఫారడే గారు ఈ వ్యాసమును అదే రాయల్ సొసైటీకి సమర్పించిరి. 1850లో వారు దానిని అచ్చువేసి, జౌల్ గారిని సభ్యునిగా చేర్చుకొనిరి.

1854లో భార్య చనిపోగా ఇద్దరు పిల్లలతో మిగిలెను. అయినను పని మానలేదు. శక్తిని కొలుచు ప్రమాణమునకు లోకమంతట ఇప్పుడు జౌల్ అనియే పేరు; నూరు గ్రాముల జామపండును ఒక మీటరు ఎత్తుటకు సుమారు ఒక జౌల్ పట్టును.

1889 అక్టోబరు 11వ తేదీన ఆయన సేల్ అను ఊరిలో మరణించెను. బ్రూక్‌లాండ్సు శ్మశానములోని ఆయన సమాధిరాతిమీద 772.55 అను అంకె చెక్కబడియున్నది. 1878లో మరల కొలిచి పొందిన లెక్క అది. దానితోకూడ యోహాను సువార్త 9వ అధ్యాయము 4వ వచనమును అక్కడ గలదు.