ఒక్క మాటకు 354 జవాబులు: సురవరం ప్రతాపరెడ్డి

మీ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరని ఒకరు అంటే మనకు కోపం వస్తుంది. అదే మాట పదిమంది పదిసార్లు అంటే కోపం తగ్గి అనుమానం మొదలవుతుంది. నిజంగానే లేరేమో అనిపిస్తుంది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ మాటను మనమే ఇంకొకరికి చెబుతాం. పత్రికైనా, రేడియో అయినా, సినిమా అయినా, ఇప్పుడు మన చేతిలో ఉన్న ఫోనైనా పనిచేసేది ఇలాగే. మన గురించి మనం ఏమనుకోవాలో కూడా అవే నేర్పుతాయి. ఈ సంగతి తెలుగునాట బాగా ఎరిగినవారిలో సురవరం ప్రతాపరెడ్డి గారు ఒకరు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన పండితుడిగా ఆయన పేరు మన డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఒక పత్రికను నడిపి, ఒక ప్రాంతం జనం తమను తాము చూసుకునే చూపునే మార్చిన మనిషిగా ఆయన్ని తెలుసుకుందాం.

ఆయన 1896 మే 28న బోరవెల్లిలో పుట్టారు. స్వగ్రామం ఇటికాలపాడు. ఈ రెండు ఊళ్ళూ ఇప్పుడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నాయి. అప్పుడది నిజాం రాజ్యం. తుంగభద్ర దాటితే కర్నూలు, అంటే బ్రిటిష్‌వాళ్ళ మద్రాసు రాష్ట్రం. నదికి ఇటూ అటూ మాట్లాడేది తెలుగే. కానీ ఇవతల కచేరీలో, బడిలో పెద్దపీట ఉర్దూది. ప్రతాపరెడ్డి గారు కర్నూలులో చదువుకున్నారు. అక్కడే వెల్లాల శంకరశాస్త్రి గారి దగ్గర సంస్కృతం నేర్చుకున్నారు. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. చదివారు, న్యాయశాస్త్రం కూడా పూర్తి చేశారు. మద్రాసులో 1914 నుంచే ఆంధ్రపత్రిక దినపత్రికగా వస్తోంది. తెలుగులో అచ్చయిన వార్త పొద్దున్నే ఇంటికి వస్తే జనంలో ఎంత చలనం ఉంటుందో ఆ ఊళ్ళో చదువుకునే కుర్రవాడికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే కాలంలో హైదరాబాదులో తెలుగువాళ్ళ పరిస్థితి ఎలా ఉండేదో ఒక సంఘటన చెబుతుంది. 1921 నవంబరులో అక్కడ సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే గారు, స్త్రీవిద్య కోసం జీవితం ధారపోసిన మనిషి. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. జనం శ్రద్ధగా విన్నారు. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, ఎగతాళి. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష అది. అయినా రాజధానిలో నలుగురి ముందు మాట్లాడితే నవ్వులపాలైంది. ఆ అవమానం భరించలేక కొద్దిమంది కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. తెలంగాణలో గ్రంథాలయాలకు, సభలకు, తరువాత వచ్చిన ఆంధ్ర మహాసభకు అది పునాది అయింది.

ఇక్కడ మనం ఒకటి గమనించాలి. ఆ రోజు నవ్వినవాళ్ళందరూ దుర్మార్గులని చెప్పలేం. తెలుగు అంటే ఇంట్లో, సంతలో, పొలంలో మాట్లాడుకునేదే తప్ప సభకు తగినది కాదని వాళ్ళు చుట్టూ చూసి నేర్చుకున్నారు. గౌరవమున్న చోట్ల కనిపించని భాషకు గౌరవం లేదనే అనుకుంటారు జనం. మరి ఆ అభిప్రాయం మారాలంటే వాదిస్తే చాలదు, తెలుగు రోజూ కనిపించాలి. అచ్చులో కనిపించాలి.

1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, వరంగల్లు వైపు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక మొదలయ్యాయి. రాజధానిలో మాత్రం గట్టిగా నిలిచే తెలుగు పత్రిక ఇంకా రావాల్సి ఉంది. ప్రతాపరెడ్డి గారు అప్పటికి హైదరాబాదు చేరి రెడ్డి హాస్టలు బాధ్యతలు చూస్తున్నారు. వకీలుగా స్థిరపడి నాలుగు డబ్బులు వెనకేసుకునే దారి ఆయనకు ఉంది. ఆయన పత్రిక దారి పట్టారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదటి సంచిక వచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకీయం రాయడం నుంచి ప్రూఫులు దిద్దడం దాకా అన్నీ ఆయనే చూసుకునేవారని చెబుతారు. రాసేవాళ్ళు తక్కువ కాబట్టి తానే రకరకాల మారుపేర్లతో రాసేవారు. ఒక్క మనిషే పదిమంది రచయితలై పేజీలు నింపాడన్నమాట.

అప్పటి రాజ్యంలో పత్రిక నడపడం తేలిక కాదు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. రాతలో ఒక మాట తేడా వచ్చినా పత్రికకే ముప్పు. చదువు వచ్చినవాళ్ళు కూడా కొద్దిమందే. అయినా గ్రంథాలయంలో ఒక ప్రతి ఉంటే చాలు, ఒకరు చదువుతుంటే నలుగురు వింటారు. ఊళ్ళో జరిగిన సంగతి, మనం రోజూ అనుకునే కష్టం, మన భాషలోనే అచ్చయి ఎదురుగా కనిపిస్తే చదివేవాడికి ఏమనిపిస్తుంది? నా బాధ నా ఒక్కడిది కాదు, ఇంకో ఊళ్ళోనూ ఉంది అనిపిస్తుంది. ఒంటరి బాధ నలుగురి అభిప్రాయంగా మారేది అక్కడే. 1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగితే అధ్యక్షులుగా ప్రతాపరెడ్డి గారినే ఎన్నుకున్నారు. ఆ సభతోపాటే మహిళా సభ కూడా నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన జరిగింది. తొమ్మిదేళ్ళ క్రితం తెలుగులో మాట్లాడితే నవ్విన రాజ్యంలోనే తెలుగువాళ్ళు, ఆడవాళ్ళతో సహా, తమ భాషలో సభలు చేసుకున్నారు.

ఇక అసలు కథకు వద్దాం. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యం అని ఒక పండితుడు అన్నారు. పూజ్యం అంటే పూజించదగినదనే అర్థం మనకు ముందు గుర్తొస్తుంది. కానీ దానికి సున్నా అనే అర్థం కూడా ఉంది. ఆయన అన్నది ఆ రెండో అర్థంలోనే. అంటే అక్కడ కవులే లేరని.

ఆ మాట ఎందుకంత తగిలింది? తెలంగాణలో కవులు లేక కాదు. పాల్కురికి సోమన, పోతన పుట్టిన నేల అది. గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అనే పేరే ఉండేది. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల్లో పండితులు సన్మానాలు పొందేవారు. కానీ వాళ్ళ పద్యాలు తాటాకుల్లో, నోటుపుస్తకాల్లో, శిష్యుల నోళ్ళలో ఉండిపోయాయి. అచ్చుయంత్రాలు, పత్రికలు, సాహిత్య సభలు ఎక్కువగా మద్రాసులో, బెజవాడలో, రాజమండ్రిలో ఉండేవి. అచ్చులో కనిపించనివాళ్ళు లేనివాళ్ళ కిందే లెక్క. ఆ పండితుడి మాటలో పొరపాటు ఉంది, కానీ అది ఆయన ఒక్కరి పొరపాటు కాదు. అప్పటి పత్రికలు, పుస్తకాలు చూసి ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళు. ఇంకా బాధాకరం ఏమిటంటే, తెలంగాణలో చదువుకున్న పిల్లలు కూడా అలాగే అనుకునే ప్రమాదం ఉంది.

ప్రతాపరెడ్డి గారికి కోపం వచ్చే ఉంటుంది. చేతిలో పత్రిక ఉంది. ఆ పండితుణ్ణి నెలల తరబడి దులిపేస్తూ రాయవచ్చు. అటువైపు నుంచి ఇంకొకరు రాస్తారు, ఇటువైపు నుంచి ఇంకొకరు. జనం సరదాగా చదువుతారు, ప్రతులు కూడా అమ్ముడుపోతాయి. ఆయన ఎంచుకున్న దారి వేరు. కవుల వివరాలు, వాళ్ళ పద్యాలు పంపమని పత్రిక ద్వారా కోరారు. ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. తాతగారి పద్యం ఒకరు, గురువుగారిది ఒకరు, తమదే ఒకరు. వాటన్నిటినీ కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో ఉన్న కవులు 354 మంది. సున్నా అన్న మాటకు జవాబు 354.

ఆ సంచికలోని పద్యాలన్నీ గొప్పవేనా అని అడగవచ్చు. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు, ఏ సంకలనంలోనూ ఉండవు. ఆయన ముందు తేల్చాలనుకున్నది ఎవరు పెద్ద కవి అని కాదు, ఇంతమంది ఉన్నారు అని. తన ఊరి పేరుతో సహా తన పేరు అచ్చులో చూసుకున్న ఒక పల్లెటూరి కవిని ఊహించుకోండి. నిన్నటిదాకా ఆయన ఊళ్ళో పద్యాలు అల్లే ఒక పెద్దమనిషి. ఆ రోజు నుంచి ఒక పెద్ద వరుసలో నిలబడిన కవి. ఆయన పద్యం మారలేదు, తన గురించి తాను అనుకునేది మారింది. ఆ పుస్తకం చూసిన పిల్లవాడికి కూడా కవిత్వం ఎక్కడో దూరపు ఊళ్ళలో పుట్టేది కాదని తెలిసింది.

ఇదే ఆలోచన ఆయన్ని జీవితమంతా నడిపించింది. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలు వెనక్కి వెళ్ళాయి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, దేన్ని నమ్మారు అనేవి ముందుకు వచ్చాయి. బసవ పురాణం, పలనాటి వీరచరిత్ర, క్రీడాభిరామం, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలను ఆయన జల్లెడపట్టి ఆ వివరాలు ఏరారు. మనం పరీక్ష కోసం ఛందస్సు, అలంకారం వెతికే పద్యాల్లో ఆయన రొట్టెలు, నగలు, గుడిసెలు, సంతలు వెతికారు. చరిత్ర పుస్తకంలో తమలాంటివాళ్ళు ఎక్కడా కనిపించకపోతే జనం తమకు చరిత్రే లేదనుకుంటారు. కవులు లేరన్న మాట లాంటిదే ఇదీ. ఆయన రెండింటికీ ఒకే పద్ధతిలో జవాబు చెప్పారు.

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ప్రకటించారు. తెలుగుకు వచ్చిన మొదటి అకాడమీ బహుమతి అదే. అందుకోవడానికి ఆయన లేరు. ఇప్పుడు హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఇదంతా పాత కథ కదా, చందాపురలో మనకెందుకు అనుకోకండి. మన క్లాసులోనే చూడండి. అనంతపురం, చిత్తూరు, హోసూరు, కోలారు, ఇటు మహబూబ్‌నగర్, అటు గుంటూరు, ఇక్కడే ఆనేకల్ చుట్టుపక్కల తరతరాలుగా ఉన్న తెలుగు ఇళ్ళు. అందరం తెలుగే మాట్లాడతాం, ఒక్కలా మాట్లాడం. సీమ నుంచి వచ్చిన అమ్మాయి నోరు విప్పితే చాలు, ఎవరో ఒకరు తొడ కొట్టమంటారు. ఎందుకంటే 1999లో సమరసింహారెడ్డి వచ్చినప్పటి నుంచి వరసగా చూసిన సినిమాల్లో సీమ అంటే సుమోలు, బాంబులు, కత్తులు. తెలంగాణ యాస చాలాకాలం హాస్యానికో, విలన్‌కో పనికొచ్చింది. 2017లో ఫిదా సినిమాలో కథానాయికే ఆ యాసలో మాట్లాడితే థియేటర్లలో జనం ఈలలు వేశారు. యాస అదే. కనిపించిన చోటు మారింది, అంతే. ఇక హోసూరు, ఆనేకల్ తెలుగును తెరమీద మనం దాదాపు వినం. అందుకే కన్నడం, తమిళం కలిసిన ఆ మాటను తప్పు తెలుగు అని దిద్దుతాం. ఆ అమ్మాయిలు కొందరు క్లాసులో ఇంగ్లీషులోకి మారిపోతారు. 1921లో హైదరాబాదు సభలో జరిగింది ఇంకోలా మళ్ళీ జరుగుతోందన్నమాట.

సినిమా మీద కోప్పడితే ఇది మారదు. ప్రతాపరెడ్డి గారు చూపించిన పని మనకూ చేతనవుతుంది. మన గోడపత్రిక చిన్నదే. కానీ డిపార్ట్‌మెంట్‌లోకి వచ్చే ప్రతి ఒక్కరూ దాని ముందు ఒక నిమిషం నిలబడతారు. వచ్చే సంచికకు ప్రతి ఒక్కరూ తమ ఇంట్లో మాత్రమే వినపడే పది మాటలు, వాటి అర్థాలు, తమ ఊరి పేరు రాసి ఇవ్వండి. అమ్మమ్మనో, నానమ్మనో, అవ్వనో అడిగి తెలుసుకోండి. ఏ మాటనూ తప్పు అని తీసేయం. క్లాసులో ఎంతమంది ఉన్నామో అన్ని పదులు. ఆ లెక్క గోడమీద పడ్డాక ఎవరి తెలుగు తప్పో అప్పుడు మాట్లాడుకుందాం.