గంటలు పూర్తయ్యాయి.. కెప్టెన్ సీటు రాలేదు!

సాఫ్ట్‌వేర్‌లో ప్రమోషన్ ఆలస్యమైతే మీరేం చేస్తారు? రెజ్యూమె సరిచేసుకుని కంపెనీ మారతారు. జీతం, హోదా రెండూ పెరుగుతాయి. పైలట్ల దగ్గర ఈ లెక్క పనిచేయదు. చాలా ఎయిర్‌లైన్స్‌లో చేరిన తేదీని బట్టి ఒక సీనియారిటీ నంబర్ ఇస్తారు. పైనున్నవాళ్లు రిటైరైనా, కొత్త విమానాలు వచ్చినా లిస్టు కదులుతుంది. లేదంటే అక్కడే ఆగుతుంది. వేరే సంస్థకు వెళ్తే చాలాసార్లు మళ్లీ లైన్ చివర నిలబడాల్సిందే.

పైలట్ కావాలనుకుంటున్న మీరు ఈ ఎదురుచూపు గురించి ముందే తెలుసుకోవాలి. అందుకు ప్రేమ్ మాథుర్ జీవితం చదవండి. మన దేశంలో కమర్షియల్ విమానం నడిపిన తొలి మహిళ ఆమె. ఆ ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ సంస్థే.

ఎనిమిది తలుపులు మూసుకున్నాయి

ప్రేమ్ మాథుర్ అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో శిక్షణ పొంది, 1947లో కమర్షియల్ లైసెన్స్ సంపాదించారు. ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. దరఖాస్తు పెట్టిన ఎనిమిది విమాన సంస్థలు ఆమెను వద్దన్నాయి. చేతిలో లైసెన్స్ ఉన్నా, మహిళను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టడానికి అవి సిద్ధంగా లేవు.

చివరికి పిలిచింది దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన సంస్థ అది. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపేది. అందులో ఆమె కో-పైలట్‌గా చేరారు. ఇందిరా గాంధీ, లేడీ మౌంట్‌బాటన్ లాంటి ప్రముఖులు ఆమె నడిపిన విమానాల్లో ప్రయాణించారు. 1949లో జాతీయ ఎయిర్ రేస్‌లో ఆమే విజేత. అంటే నైపుణ్యం మీద ఎవరికీ అనుమానం ఉండక్కర్లేదు.

ఆగింది ఎక్కడ?

కెప్టెన్ కావడానికి కావాల్సిన ఫ్లయింగ్ గంటలు ఆమె పూర్తి చేశారు. కమాండ్ ఇవ్వమని అడిగారు. సంస్థ ఇవ్వలేదు. కుడి సీట్లోనే ఉండమంది.

ఇక్కడ మీరొక తేడా గమనించాలి. లిస్టులో ముందు యాభై మంది ఉండటం వేరు, మీ వంతు వచ్చాక కూడా గేటు తెరవకపోవడం వేరు. మొదటిది క్యూ. విసుగొచ్చినా కదులుతుంది. రెండోది గోడ. దాని ముందు ఎన్నేళ్లు నిలబడినా లాభం లేదు. తన ముందున్నది గోడేనని ప్రేమ్ మాథుర్‌కు అర్థమైంది. హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లి, పారిశ్రామికవేత్త జి.డి.బిర్లాకు ప్రైవేట్ పైలట్‌గా చేరారు. ఎయిర్‌లైన్ వదిలినా ఎగరడం మాత్రం ఆపలేదు.

1953లో ప్రభుత్వం విమానయానాన్ని జాతీయం చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది దేశీయ సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. అదే ఏడాది ఆమె ఆ సంస్థలో చేరి, మిగతా కెరీర్ అక్కడే గడిపారు. 1992లో కన్నుమూశారు.

మీకేం ఉపయోగం?

ఇప్పుడు మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం మహిళలే. ప్రపంచ సగటు దాదాపు 5 శాతమే. ఆ గోడ చాలావరకు కూలింది. క్యూ మాత్రం అలాగే ఉంది.

కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగిరితే చాలు. కెప్టెన్‌కు అవసరమైన ఏటీపీఎల్‌కు 1500 గంటలు కావాలి. అవి పూర్తయిన రోజే నాలుగో చార భుజం మీదికి రాదు. సంస్థలో ఖాళీ ఉండాలి, కమాండ్ ట్రైనింగ్ పాసవ్వాలి. సంస్థ కొత్త విమానాలు కొంటుంటే ఇది త్వరగా అవుతుంది. విస్తరణ ఆగిందా, గంటలున్నా ఏళ్ల తరబడి ఫస్ట్ ఆఫీసరే.

అందుకే చేరేముందు జీతం ఒక్కటే అడగకండి. ఎన్ని విమానాలు ఆర్డర్‌లో ఉన్నాయి, ఈమధ్య కో-పైలట్లు ఎన్నేళ్లకు కెప్టెన్లయ్యారు అని కనుక్కోండి. శిక్షణకు లోన్ తీసుకుంటుంటే ఈఎంఐ లెక్క కో-పైలట్ జీతం మీదే వేసుకోండి, కెప్టెన్ జీతం మీద కాదు. చేరాక ఆలస్యమైతే కంగారు పడి రాజీనామా రాసేయకండి. మీ ముందున్నది క్యూనా, గోడా? ముందు అది తేల్చుకోండి. క్యూ అయితే ఓపిక పట్టండి. గోడైతే ప్రేమ్ మాథుర్‌లా ఇంకో రన్‌వే వెతుక్కోండి.